శ్రమకు వెల కట్టేది అంతర్వాణా, లెక్కల పుస్తకమా?

"మీకు తోచినంత ఇవ్వండి" అనే మాట తెలుగునాట వినబడని వీధి లేదు. వ్రతం చేయించిన పురోహితుడు ఆ మాటే అంటాడు. పిల్లలకు సంగీతం నేర్పే గృహిణి ఆ మాటే అంటుంది. రవికె కుట్టి ఇచ్చిన పొరుగింటి దర్జీ కూడా మొహమాటపడి ఆ మాటతోనే సరిపెట్టుకుంటుంది. పని చేయడం తెలిసిన వారికి సైతం ఆ పనికి ధర చెప్పడం కష్టమైన విషయమే. జీతగాడి వేతనాన్ని యజమాని నిర్ణయిస్తాడు. ధాన్యం ధరను మార్కెట్టో ప్రభుత్వమో నిర్ణయిస్తుంది. సొంతంగా వృత్తి చేసుకునేవారు మాత్రం తమ శ్రమ విలువను తమ నోటితోనే చెప్పుకోవాలి.

ఇలాంటి వారి సంఖ్య స్వల్పమేమీ కాదు. 2023 జూలై నుంచి 2024 జూన్ వరకు కేంద్ర ప్రభుత్వం జరిపించిన శ్రామికశక్తి సర్వే ప్రకారం దేశంలో పని చేస్తున్న వారిలో 58.4 శాతం మంది స్వయం ఉపాధిపైనే ఆధారపడి ఉన్నారు. వీరిలో రైతులు, కుటుంబ వృత్తిలో జీతం లేకుండా సహాయపడేవారు కూడా ఉన్నారు. వారిని మినహాయించినా, ఇంటి నుంచో చిన్న దుకాణం నుంచో తమ నైపుణ్యాన్ని అమ్ముకుంటూ బతికేవారు కోట్లలోనే ఉంటారు.

వీరి ఇబ్బందిని గుర్తించిన కొందరు సలహాదారులు ఇటీవలి కాలంలో కొత్త మార్గం బోధిస్తున్నారు. ధర కోసం లెక్కలు వేయనక్కరలేదని, కళ్లు మూసుకుని ధ్యానంలో కూర్చుంటే తగిన సంఖ్య మనసులో స్ఫురిస్తుందని వారు చెబుతున్నారు. ఏ సంఖ్య తలచుకుంటే గుండె తేలికపడుతుందో అదే సరైన ధర అట. అంకెలు కూడితే ఏ మొత్తం రావాలో సంఖ్యాశాస్త్రం చూసి చెప్పేవారూ ఉన్నారు. పాశ్చాత్య దేశాల వ్యక్తిత్వ వికాస శిబిరాల నుంచి వచ్చిన ఈ ధోరణి మన నగరాల్లోనూ శిష్యులను సంపాదించుకుంటోంది.

దీనిని ఒక్క నవ్వుతో కొట్టిపారేయడం సులువే. అయితే శ్రమకు ప్రతిఫలం నిర్ణయించడంలో అంతరాత్మను సంప్రదించడం భారతదేశానికి కొత్త కాదు. ఎనిమిది, తొమ్మిది శతాబ్దాలుగా ఈ దేశంలో అనేకులు ఆ ప్రయోగం చేశారు. వారి అనుభవాన్ని పరిశీలిస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. అంతర్వాణి వారికి ధైర్యాన్ని ఇచ్చింది, నిగ్రహాన్ని ఇచ్చింది. అంకెను మాత్రం లెక్క నుంచే తెచ్చుకున్నారు.

నూట పదహారు వెనుక మారకపు రేటు

శుభకార్యంలో చదివింపులైనా, పండితునికి సంభావన అయినా తెలుగువారు నూట పదహారు, ఐదు వందల పదహారు, వేయి నూట పదహారు అంటారు. ఉత్తరాదిన నూట ఒకటి, ఐదు వందల ఒకటి ఇచ్చే ఆచారం ఉంది. ఈ సంఖ్యలకు పవిత్రత ఉందని అధికులు భావిస్తారు.

అయితే నూట పదహారుకు మరో వివరణ కూడా ప్రచారంలో ఉంది. నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానానికి హాలీ సిక్కా అనే సొంత నాణెం ఉండేది. బ్రిటిష్ ఇండియా రూపాయలు ఆరింటికి హాలీ రూపాయలు ఏడు సమానం. ఆ లెక్కన నూరు బ్రిటిష్ రూపాయలు కావాలంటే 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు చెల్లించవలసి వచ్చేది. పండితునికి పూర్తి నూరు రూపాయల విలువ ముట్టాలన్న ఉద్దేశంతో నూట పదహారు ఇవ్వడం ఆచారమైందని ఆ వివరణ సారాంశం. దీనికి భిన్నమైన వివరణలూ లేకపోలేదు. కానీ ఈ కథనమే నిజమైతే, నేడు పవిత్రంగా తోచే సంఖ్య ఒకనాటి మారకపు రేటు నుంచి పుట్టిందన్నమాట. పుచ్చుకునేవాడు నష్టపోకూడదన్న మర్యాదే అంకె రూపం దాల్చిందనుకోవాలి.

కల్యాణంలో బియ్యపు గింజలు

12వ శతాబ్దంలో కర్ణాటకలోని కల్యాణ పట్టణం కేంద్రంగా బసవేశ్వరుడు నడిపిన ఉద్యమంలో కాయకం, దాసోహం అనే రెండు మాటలు మూలస్తంభాలు. కాయకం అంటే చేతి కష్టాన్నే పూజగా భావించి చేయడం. దాసోహం అంటే ఆ కష్టార్జితంలో కొంత సమాజానికి అర్పించడం. పాల్కురికి సోమనాథుని బసవపురాణం ద్వారా ఈ భావాలు తెలుగువారికి చిరపరిచితమయ్యాయి.

ఆ ఉద్యమంలోని శరణులలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ ప్రసిద్ధం. దారిలో రాలిన బియ్యం ఏరుకోవడం మారయ్య కాయకం. ఒకనాడు ఆయన మామూలుకంటె ఎక్కువ బియ్యం ఇంటికి తెచ్చాడు. లక్కమ్మ దానిని చూసి సంతోషించలేదు. తమకు కావలసినదానికి మించి తెచ్చినది ఆశే తప్ప కాయకం కాదని, అదనంగా ఉన్నదాన్ని తిరిగి అక్కడే పోసి రమ్మని భర్తకు చెప్పింది. ఇక్కడ లక్కమ్మ చేసింది ఆధ్యాత్మిక బోధే. కానీ ఆ బోధ చేయగలగడానికి ఆమెకు ఒక కొలత తెలిసి ఉండాలి. ఇంటి అవసరం రోజుకు ఎంతో తెలిసిన ఇల్లాలికే వచ్చినది ఎక్కువో తక్కువో చెప్పడం సాధ్యమవుతుంది.

పంజాబులో గురు నానక్ గురించి చెప్పుకునే కథ కూడా ఇలాంటిదే. యౌవనంలో ఆయన సుల్తాన్‌పూర్‌లో దౌలత్ ఖాన్ లోదీ ధాన్యాగారంలో ఉద్యోగం చేశారు. తూకం వేస్తూ పదమూడు దగ్గరకు వచ్చేసరికి, పదమూడుకూ "నీదే" అన్న అర్థానికీ ఒకటే మాట అయిన "తేరా" దగ్గర ఆగిపోయి, పరవశంతో తూస్తూనే ఉండిపోయారని జనమ్‌సాఖీలు చెబుతాయి. కథలో తరువాతి భాగాన్ని చాలామంది మరచిపోతారు. ధాన్యాగారం దోచిపెడుతున్నాడన్న ఫిర్యాదు వెళ్లింది. లెక్కలు తనిఖీ చేశారు. లోటు కనబడలేదు. భక్తి కథలో కూడా తనిఖీకి చోటు ఉండటం గమనార్హం.

సబర్మతి తీరాన 35 శాతం

పురాణ కథలను పక్కనపెట్టి చరిత్రకు వస్తే, శ్రమ ధరకు, అంతర్వాణికి ముడిపడిన అతి ముఖ్యమైన ఘట్టం 1918లో అహ్మదాబాద్‌లో జరిగింది. అంతకు ముందు సంవత్సరం నగరంలో ప్లేగు ప్రబలినప్పుడు కార్మికులు ఊరు విడిచిపోకుండా మిల్లు యజమానులు ప్రత్యేక బోనస్ ఇచ్చారు. మహమ్మారి తగ్గాక దానిని తీసివేయబోయారు. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల ధరలు మండిపోతున్న రోజులవి. కార్మికులు వేతనాలపై 50 శాతం పెంపు కోరారు. యజమానులు 20 శాతానికి మించి ఇవ్వబోమన్నారు. యజమానుల పక్షాన అంబాలాల్ సారాభాయ్, కార్మికుల పక్షాన ఆయన సొంత సోదరి అనసూయ సారాభాయ్ నిలిచారు.

మధ్యలో ప్రవేశించిన గాంధీ మొదట చేసిన పని ధ్యానమో ఉపవాసమో కాదు. వల్లభ్‌భాయ్ పటేల్, శంకర్‌లాల్ బ్యాంకర్ వంటి సహచరులతో కలిసి కార్మికుల జీవన వ్యయాన్ని, మిల్లుల స్థితిగతులను, బొంబాయిలో అదే పనికి ఇస్తున్న కూలిని పరిశీలించారు. ఆ పరిశీలనలో న్యాయమని తేలింది 35 శాతం. కార్మికులు కోరిన 50 శాతం నుంచి దిగిరమ్మని వారికి నచ్చజెప్పారు. ఆ తరువాతే 35 శాతానికి తగ్గబోమని నదీ తీరాన చెట్టు నీడలో వారిచేత ప్రతిజ్ఞ చేయించారు.

రోజులు గడిచేకొద్దీ ఆకలి కార్మికుల పట్టుదలను కరిగించసాగింది. వారు సడలిపోతున్న సమయంలో ఒక సభలో, పరిష్కారం లభించే వరకు తాను ఆహారం ముట్టనన్న మాట ముందుగా ఆలోచించకుండానే తన నోట వెలువడిందని గాంధీ ఆత్మకథలో వ్రాశారు. మార్చి 15న ప్రారంభమైన ఉపవాసం 18న ఒప్పందంతో ముగిసింది. మొదటి రోజుకు 35 శాతం, రెండవ రోజుకు 20 శాతం, మూడవ రోజు నుంచి మధ్యవర్తి తీర్పు వచ్చే వరకు 27.5 శాతం పెంపు ఇవ్వాలని ఒప్పందంలో పేర్కొన్నారు. ఇరుపక్షాల మాటా నిలిచేటట్లు కుదిర్చిన ఏర్పాటు అది. కొన్ని నెలల తరువాత మధ్యవర్తి ఆనందశంకర్ ధ్రువ ఇచ్చిన తీర్పు 35 శాతమే.

ఈ ఘట్టంలో అంతర్వాణి ఉంది. కానీ అది పలికింది అంకె గురించి కాదు, అప్పటికే నిర్ణయమైన అంకెపై నిలబడటం గురించి. అంతేకాదు, ఆ అంతర్వాణిని సైతం గాంధీ ప్రశ్నకు అతీతం చేయలేదు. మిల్లు యజమానులు తనకు మిత్రులు కావడం వల్ల తన ఉపవాసం వారిపై అనుచితమైన ఒత్తిడి తెచ్చిందని, అందువల్ల దానిలో తీవ్రమైన లోపం ఉందని ఆయనే ఒప్పుకున్నారు. మనసులో మాట ఎంత నిర్మలంగా తోచినా, ఎదుటివారిపై దాని ప్రభావమేమిటో పరీక్షించుకోక తప్పదని దీనివల్ల తెలుస్తున్నది.

వడికేవారి కూలి

పదిహేడేళ్ల తరువాత అదే ప్రశ్న ఖాదీ రంగంలో తలెత్తింది. 1925లో ఏర్పడిన అఖిల భారత చరఖా సంఘం పల్లె మహిళలకు పని కల్పించింది. కానీ రోజంతా నూలు వడికినా వారికి దక్కేది అతి స్వల్పం. ఖద్దరు చౌకగా అమ్ముడుపోవాలంటే నూలు కూలి తక్కువగా ఉండక తప్పదన్నది అప్పటివరకు నిర్వాహకుల వాదన.

1935లో గాంధీ ఈ వాదనను తిరస్కరించారు. ఎనిమిది గంటల వడుకు పనికి ఎనిమిది అణాలు దక్కాలన్నది ఆయన ఆశయం. అంత ఇస్తే ఖద్దరు కొనేవారు ఉండరని సహచరులు ఆందోళన చెందారు. చివరకు చరఖా సంఘం ఆమోదించిన రేటు ఆయన ఆశించినదానికంటె చాలా తక్కువే. అయినా సూత్రం మారింది. బజారులో గుడ్డ ధర ఎంతో చూసి అందులోంచి కూలిని తగ్గించే పద్ధతి పోయింది. వడికే మనిషికి శాస్త్రీయంగా లెక్కగట్టిన ఆహారం, సంవత్సరానికి కనీసం 20 గజాల బట్ట సమకూరేటంత కూలి ముందు నిర్ణయించి, దానిని బట్టి గుడ్డ ధర కట్టాలన్న విధానం వచ్చింది. కొనేవారి మనస్సాక్షికి కూడా అది పరీక్షే అయింది.

ఈ సందర్భంలోనే వినోబా భావే వార్ధా సమీపంలోని నాల్వాడీలో చేసిన ప్రయోగం చెప్పుకోదగినది. ఇతరులకు కూలి ఎంత ఇవ్వాలో చర్చించే ముందు, తానే గంటల తరబడి నూలు వడికి, వచ్చిన కూలితోనే తిండి గడుపుకుంటూ జీవించసాగారు. ఆయనకు వడకడం ఉపాసన. ఆ ఉపాసన ద్వారానే ఆ కూలి మనిషిని బతికించగలదో లేదో తన దేహంతో కొలిచి చూశారు. ఆధ్యాత్మిక సాధన ధర నిర్ణయానికి ఎలా ఉపకరిస్తుందనే ప్రశ్నకు ఇంతకంటె సూటి సమాధానం దొరకడం కష్టం. ఈ వినోబాయే 1951 ఏప్రిల్‌లో తెలంగాణలోని పోచంపల్లిలో భూదానోద్యమానికి శ్రీకారం చుట్టారు.

నాటి ప్రశ్న నేటికీ ముగిసిపోలేదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రపరచి సన్నని నూలు వడికే మహిళల కూలి చిలపల లెక్కపైనే ఆధారపడుతుంది. చిలపకు ఎంత అన్నది తేలితే తప్ప వారి ఇంట పొయ్యి సంగతి తేలదు.

గజాల లెక్క చట్టానికి చేరిన తీరు

ఖాదీ ఉద్యమంలో పుట్టిన పద్ధతి స్వతంత్ర భారతంలో మరింత స్పష్టమైన రూపంలో కనబడింది. 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ కనీస వేతనానికి ప్రమాణాలను నిర్దేశించింది. ఒక కార్మికుని సంపాదనపై ముగ్గురు వయోజనులకు సమానమైన కుటుంబం ఆధారపడుతుందని, ఒక్కొక్కరికి రోజుకు 2,700 కేలరీల ఆహారం కావాలని, నలుగురు సభ్యుల కుటుంబానికి సంవత్సరానికి 72 గజాల బట్ట అవసరమని లెక్కగట్టింది. ఇంటి అద్దె దీనికి అదనం. వంటచెరకు, దీపం, ఇతర ఖర్చుల కింద మొత్తం వేతనంలో 20 శాతం చూపాలన్నది.

రెప్టకాస్ బ్రెట్ సంస్థ కార్మికుల కేసులో 1991లో తీర్పు చెబుతూ సుప్రీం కోర్టు మరో అంశాన్ని జోడించింది. పిల్లల చదువు, వైద్యం, పండుగలతో సహా కనీస వినోదం, వృద్ధాప్యం, పెళ్లిళ్లు వంటి అవసరాలకు కనీస వేతనంలో 25 శాతం ఉండాలని పేర్కొంది. మనిషి తిని బతికితే చాలదని, పండుగ చేసుకోవాలని, బిడ్డకు పెళ్లి చేయాలని న్యాయస్థానం గుర్తించిందన్నమాట. జీతగాళ్ల కోసం రూపొందిన ఈ పట్టికను స్వయం ఉపాధిపై బతికేవారు తమ ధరకు ప్రాతిపదికగా తీసుకోవడానికి అడ్డేమీ లేదు. తీసుకునేవారు మాత్రం అరుదు.

మదురైలో రెండు గుమ్మాలు

ధర నిర్ణయంలో అధ్యాత్మం, గణితం చేయి కలిపిన ఆధునిక ఉదాహరణ మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ప్రభుత్వోద్యోగం నుంచి పదవీ విరమణ చేశాక, 1976లో 58 ఏళ్ల వయసులో 11 పడకలతో దీనిని ప్రారంభించారు. అరవిందుల బోధనలపై అపార విశ్వాసం గల ఆయన ఆసుపత్రికి ఆ పేరే పెట్టారు. కీళ్లవ్యాధితో వంకరపోయిన వేళ్లతోనే శస్త్రచికిత్సలు నేర్చుకున్న వైద్యుడాయన.

అక్కడి విధానం ప్రకారం రుసుము చెల్లించే విభాగానికి వెళ్లాలో, ఉచిత లేదా నామమాత్రపు రుసుము విభాగానికి వెళ్లాలో రోగే నిర్ణయించుకుంటాడు. ఆదాయ ధ్రువపత్రం చూపమని ఎవరూ అడగరు. ఇది మనిషిపై నమ్మకం. కానీ ఆ నమ్మకం నిలబడటానికి కారణం ఖర్చులపై కఠినమైన అదుపు. వైద్యుడు ఒక శస్త్రచికిత్స ముగించేసరికి పక్క బల్లపై మరో రోగిని సిద్ధంగా ఉంచే ఏర్పాటు వల్ల ఒక్కొక్క చికిత్సకు అయ్యే వ్యయం బాగా తగ్గింది. కంటిలో అమర్చే కటకాలు విదేశాల నుంచి తెప్పిస్తే ఒక్కొక్కటి వంద డాలర్లకు పైగా పడుతున్న రోజుల్లో, 1992లో స్థాపించిన ఆరోల్యాబ్ వాటిని సుమారు పది డాలర్లకే తయారు చేయగలిగింది. చెల్లించగలవారి రుసుముతో చెల్లించలేనివారి చికిత్స సాగుతున్నది. 2006లో డాక్టర్ వెంకటస్వామి మరణించిన తరువాత కూడా ఈ పద్ధతి కొనసాగుతుండటానికి ఆ లెక్కే ఆధారం.

ఎస్.ఎన్. గోయెంకా 1969 నుంచి భారతదేశంలో బోధించిన విపశ్యన శిబిరాలది మరో మార్గం. అక్కడ బోధనకు, బసకు, భోజనానికి రుసుము లేదు. బోధకులకు జీతం లేదు. అయితే విరాళం స్వీకరించడానికి ఒక నియమం ఉంది. శిబిరం పూర్తి చేసిన వారి నుంచే తీసుకుంటారు. ప్రయోజనం అనుభవించినవారే తమ తరువాత వచ్చేవారి కోసం ఇస్తారు. ఎవరికి తోచినంత వారు ఇచ్చే పద్ధతే అయినా, ఎవరు, ఎప్పుడు, ఎందుకు ఇవ్వాలన్నది స్పష్టంగా నిర్ణయమై ఉంది. బోధకులకు జీవనోపాధి వేరే ఉండటం వల్లనే ఇది సాధ్యపడుతున్నది. అదే వృత్తిగా బతికేవారు ఈ పద్ధతిని యథాతథంగా అనుకరిస్తే పస్తులుండవలసి వస్తుంది.

మనసు మాట ఎవరి మాట?

స్ఫురణపై ఆధారపడి ధర చెప్పడంలో మరో చిక్కు ఉంది. మనసులో తోచే అంకె మనసులోనే పుట్టదు. చిన్ననాటి నుంచి విన్న మాటలు, కులం, ఆడమగ తేడా, చూసిన పేదరికం అందులో కలిసి ఉంటాయి. "ఇంట్లో కూర్చుని చేసే పనికి అంత ఎందుకు?" అని జీవితమంతా విన్న మహిళ కళ్లు మూసుకుంటే ఆమెకు తక్కువ అంకే తోస్తుంది. అది చెబితేనే ఆమె గుండె తేలికపడుతుంది. అధికారంతో అడగడం అలవాటైన వ్యక్తికి పెద్ద అంకె తోస్తుంది. రెండింటినీ దైవప్రేరణ అనుకోవడం ఉన్న అసమానతకే పసుపు కుంకుమలు పెట్టడం అవుతుంది.

ఈ సంగతి గ్రహించిన సంస్థ అహ్మదాబాద్‌లోనే పుట్టింది. 1918 సమ్మె ఫలితంగా 1920లో ఏర్పడిన మజూర్ మహాజన్ సంఘం మహిళా విభాగంలో పనిచేసిన ఇలా భట్ 1972లో స్వయం ఉపాధి మహిళా సంఘాన్ని, అంటే సేవాను స్థాపించారు. మిల్లుల గుడ్డపీలికలతో బొంతలు కుట్టేవారు, బీడీలు చుట్టేవారు, తలపై బరువులు మోసేవారు, కూరగాయలు అమ్మేవారు అందులో సభ్యులయ్యారు. ఒంటరిగా ఉన్నంత కాలం వర్తకుడు చెప్పిన రేటే తమ అదృష్టమనుకున్న మహిళలు, నలుగురూ కూర్చుని ఎవరికి ఎంత ఇస్తున్నారో పోల్చి చూసుకున్నప్పుడు తమ శ్రమ విలువ తెలుసుకున్నారు. ఇంటి వద్ద పనిచేసేవారి హక్కులపై 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక ఆమోదించడం వెనుక సేవా కృషి ఉంది. ఇలా భట్ 2022లో కన్నుమూశారు. గాంధేయవాదిగా ఆమె ప్రార్థనను విడనాడలేదు. రేటు విషయం వచ్చేసరికి మాత్రం తోటివారి మధ్య చర్చకే పెద్దపీట వేశారు.

రవికె కుట్టు కూలి

ఇదంతా పొరుగింటి దర్జీకి ఏ విధంగా ఉపకరిస్తుంది? ఒక ఊహాజనితమైన లెక్క చూడవచ్చు. ఇంటి ఖర్చుల కోసం ఆమెకు కుట్టుపని ద్వారా నెలకు 12,000 రూపాయలు రావాలనుకుందాం. దారం, హుక్కులు, విద్యుత్తు, మిషను మరమ్మతు కింద 2,000 రూపాయలు అవుతాయి. ఆషాఢంలో గిరాకీ ఉండదు, ఒక్కోసారి జ్వరం వస్తుంది. అలాంటి రోజుల కోసం నెలకు 1,000 రూపాయలు దాచాలి. మొత్తం 15,000 రూపాయలు. నెలకు 25 రోజులు, రోజుకు నాలుగు రవికెల చొప్పున నూరు రవికెలు కుట్టగలిగితే ఒక్కొక్కదానికి 150 రూపాయలు పడాలి.

మొహమాటంతో ఆమె 100 రూపాయలే అడిగితే వచ్చేది 10,000 రూపాయలు. సామగ్రి ఖర్చు పోను చేతికి మిగిలేది 8,000. ఇంటికి 4,000 తక్కువ, దాచుకునేందుకు ఏమీ లేదు. ఆ లోటును రాత్రిపూట అదనంగా కుట్టి కంటిచూపుతోనో, పిల్లల చదువు తగ్గించుకునో పూడ్చవలసి వస్తుంది. తక్కువ ధర చెప్పడం వినయంగా కనిపిస్తుంది కానీ, దాని మూల్యం ఆమె కుటుంబమే చెల్లిస్తున్నది. మరోవైపు, ఆమెను చూపి అదే వీధిలోని మరో దర్జీతోనూ తక్కువకు బేరమాడతారు. ఒకరి మొహమాటం పలువురి కూలిని కోస్తుంది.

ఇక స్ఫురణ 400 రూపాయలు అడగమందనుకుంటే, ఆ వీధిలో అంత ఇవ్వగలవారు ఉన్నారా, పనితనం అంత విలువ చేస్తుందా అన్నవి ధ్యానంలో తేలే ప్రశ్నలు కావు. నలుగురిని అడిగి తెలుసుకోవలసినవి.

సాధనకు మిగిలిన పని

అలాగని అంకె లెక్క నుంచి వచ్చాక సాధనకు పని లేదనుకోవడం పొరపాటు. అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. 150 రూపాయలని కాగితంపై వ్రాసుకున్న దర్జీ, కొనేవారు ముఖం చిట్లించగానే 120 అనేస్తుంది. భయం, మొహమాటం, ఎదుటివారి మెప్పు కోసం ఆరాటం అంకెను లోపలి నుంచి తొలిచేస్తాయి. పెళ్లిళ్ల ముహూర్తాలు దగ్గరపడి గిరాకీ పెరిగినప్పుడు ఆశ దానిని పైకి ఎగదోస్తుంది. ప్రార్థన, జపం, మౌనం, ధ్యానం వంటివి పనికివచ్చేది ఈ రెండు తరంగాల మధ్య మనిషిని స్థిరంగా ఉంచడానికే. చెప్పిన ధరను కంపించని గొంతుతో చెప్పడం, డబ్బున్నవారికి, లేనివారికి ఒకే గౌరవంతో చెప్పడం, నిజంగా ఇవ్వలేనివారికి తగ్గించినప్పుడు అది భయంతో కాక ఇష్టపూర్వకంగా చేయడం సాధన వల్ల అలవడే గుణాలు.

లక్కమ్మకు ఇంటి కొలత తెలుసు. అహ్మదాబాద్ కార్మికులకు 35 శాతం ఎందుకో తెలుసు. వినోబాకు నూలు కూలితో ఎన్ని పూటలు గడుస్తాయో తెలుసు. మదురై వైద్యునికి ఒక్కొక్క శస్త్రచికిత్సకు ఎంత ఖర్చవుతుందో తెలుసు. తెలిసిన తరువాతే వారు విశ్వాసంతో నిలబడ్డారు. శిబిరాలలో కళ్లు మూసుకుని అంకె కోసం ఎదురుచూడమని చెప్పేవారు ఈ మొదటి సగాన్ని వదిలివేసి రెండవ సగాన్నే అమ్ముతున్నారు. పూజా మందిరంలో కూర్చునే ముందు ఖాతా పుస్తకం తెరిచి చూడటం దైవభక్తికి లోటేమీ కాదు. దీపావళినాడు లక్ష్మీదేవి ముందు ఖాతా పుస్తకాలను ఉంచి పూజించే వ్యాపారులకు ఆ సంగతి ఎప్పటినుంచో తెలుసు.